నానికి, స్పీకర్ల కింద ఏం పెట్టాలో

చిరంజీవి నానికి పెదనాన్న ఆశీస్సులు.

పటమటలో రెండో అంతస్తులో అద్దెకుంటూ నడుమెత్తు స్పీకర్ల జత కొన్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సొంత జీతంతో కొన్నావంటే పొంగిపోయాను. మరుక్షణం కింద వాటాలో ఉండే ఓనరూ, మీ ఇంట్లో ఏది దొరికితే అది పట్టుకుని లేచి నిలబడే నా మనవడూ గుర్తొచ్చి గుండె గుభేలుమంది. నేలకి అదురు పాకకుండా తక్కువ ఖర్చులో ఏదైనా చేయాలనుకుంటున్నావట. స్పిన్నింగ్ మిల్లులో మెషిన్ల కింద ప్యాడ్లు మార్చి మార్చి రిటైరైనవాణ్ణి నేను. నన్ను అడక్కుండా ఫోన్లో వీడియోలు చూస్తున్నావా?

స్పీకర్లు మూలలోంచి బయటికి లాగు, మూలలో బేస్, అంటే లోతైన మోత, ఉబ్బుతుంది. గోడకి ఆనించకు. డబ్బాలో వచ్చిన మేకుల్లాంటి కాళ్ళు టైల్స్ మీద వాడకు. అవి అదురుని ఆపవు, తీసుకెళ్ళి నేలకి అప్పజెబుతాయి. పైగా టైలు మీద గీత పడితే ఓనరు అడ్వాన్సులో కోస్తాడు.

ఇక మీ నాన్న సంగతి. పెళ్ళైన కొత్తలో గుంటూరు బ్రాడీపేటలో మేడమీద వాటాలో ఉండేవాడు. వడ్రంగి చేత పెద్ద చెక్కపెట్టె చేయించి, అందులో పన్నెండంగుళాల స్పీకరు బిగించుకున్నాడు. అది పాడితే కింద ఓనరు వంటింట్లో స్టీలు సామాను అంతా గలగలమనేది. ఆయన పైకొచ్చి, "బాబూ, నీ పాటకి మా గిన్నెలు తాళం వేస్తున్నాయయ్యా" అన్నాడు నవ్వుతూ. రెండోసారి వచ్చినప్పుడు నవ్వలేదు.

మీ నాన్న పాత సామాన్ల కొట్టుకెళ్ళి అంగుళం మందం రబ్బరు షీటు తెచ్చి, పెట్టె అడుగంతా నిండేలా పరిచాడు. రబ్బరు కదా, అదురు తాగేస్తుందని ధీమా. గిన్నెలు ఆగలేదు. ఇంకో పొర వేశాడు. ఆగలేదు. పెట్టె కదిలిపోతోందని చివరికి రెండు ఇనప యాంగిల్స్ తెచ్చి, పెట్టెని నేలకి స్క్రూలతో బిగించాడు. నేను ఆదివారం వెళ్ళేసరికి ఇంట్లో ఎవరూ ఎవరితో మాట్లాడటం లేదు. మీ అమ్మ టీ గ్లాసు ఠక్కున పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

స్క్రూలు విప్పి, పెట్టె ఒక పక్క ఎత్తి చూశాను. అంత బరువు మోసినా షీటు మీద పెట్టె అంచు గుర్తు కూడా లేదు. అసలు అణగలేదన్నమాట. రబ్బరుని నొక్కితే దాని ఘనపరిమాణం తగ్గదురా, పక్కలకి ఉబ్బుతుంది. పక్కకి పోవడానికి చోటు లేకపోతే బండలా ఉండిపోతుంది. అంత వెడల్పు షీటు అంచుల్లో తప్ప ఎక్కడ ఉబ్బుతుంది? అదే షీటుని చిన్న ముక్కలు కోసి నాలుగు మూలలా పెడితే మెత్తబడుతుంది. ఇక ఆ స్క్రూలైతే కింద ఎంత రబ్బరున్నా అదురుని నేరుగా నేలలోకి దింపుతాయి. కత్తికి నీళ్ళు రాసుకుంటూ ముక్కలు కోసేసరికి చీకటి పడింది. పాట పెట్టి కిందికెళ్ళి విన్నాం. గిన్నెలు చాలావరకు ఊరుకున్నాయి. ఆ ఆలోచన తనదేనని మీ నాన్న ఇప్పటికీ అందరికీ చెప్తాడు. చెప్పుకోనీ, ఏం పోయింది.

కాబట్టి ఏం కొన్నావని కాదు, బరువు పడ్డాక అది ఎంత అణిగిందో చూడు. 1 మి.మీ. అణిగితే స్పీకరు ఆ మెత్త మీద సెకనుకి సుమారు 16 సార్లు ఊగే స్వభావంతో ఉంటుంది. 2.5 మి.మీ. అణిగితే 10 సార్లు. పావు మి.మీ. అయితే 32. మెత్త ఆ లెక్కకి 1.4 రెట్లు దాటిన మోతకే అడ్డం పడుతుంది, మోత అంతకంటే దగ్గరగా ఉంటే అదురు ఇంకా పెరుగుతుంది. నీ స్పీకరు 40 హెర్ట్జ్, అంటే సెకనుకి 40 ఊపుల మోత దాకా దిగితే (32కి 1.4 రెట్లంటే 45 కదా), పావు మి.మీ. అణిగేదాన్ని పెట్టడం కంటే పెట్టకపోవడమే నయం. రబ్బరు అదిరేటప్పుడు కాస్త బిగుసుకుంటుంది కాబట్టి 3 మి.మీ. అణిగేలా పెట్టుకో. స్కేలుతో కొలువు, కంటి అంచనా వద్దు.

సరుకు హవాయి చెప్పులు చాలు. కొత్తవి కొను, పాతవి ఇప్పటికే అణిగిపోయి ఉంటాయి. రెండు ముక్కలు ఒకదానిమీద ఒకటి అంటించి, అగ్గిపెట్టె సైజుతో మొదలుపెట్టు. అణగకపోతే కొద్దికొద్దిగా చిన్నవి చేసుకుంటూ పో. కొన్నాళ్ళకి చదునైపోతాయి, అప్పుడు మార్చు.

కానీ ఆ ముక్కల మీద స్పీకర్ని నేరుగా నిలబెడితే నా మీద ఒట్టే. నడుమెత్తు డబ్బా, కింద మెత్త, పక్కన బుడ్డోడు! ముందు కడప రాయి కోయించు. స్పీకరు అడుగు కంటే నాలుగువైపులా బెత్తెడు వెడల్పుండాలి, మందం 20 మి.మీ. చాలు. ముక్కలు రాయి మూలల కింద, స్పీకరు రాయి మీద. తర్వాత స్పీకరు వెనకనుంచి గోడకి ఒక నవారు పట్టీ కట్టు. బిగించి కట్టావో, మీ నాన్న స్క్రూల కథే. కొంచెం వదులుగా ఉంచు, ఒరిగినప్పుడు మాత్రమే పట్టుకోవాలి. స్పీకరు వైరు కూడా వదులుగానే.

ఇంత చేసినా గాలిలో పోయే మోత పోతూనే ఉంటుంది, దానికి చెప్పులు పనిచేయవు. రాత్రి పది దాటితే ఇళ్ళ మధ్య 45 డెసిబెల్సే అని చట్టమే ఉంది. పదయ్యేసరికి నాబ్ తిప్పు. అంతా బిగించాక కోడల్ని పాట పెట్టమని, నువ్వు ఓనరు ఇంటికి ఆవకాయ సీసా పట్టుకెళ్ళి పావుగంట కూర్చుని విను.

స్పీకరు అడుగు కొలతలు, బరువు వాట్సాప్‌లో పెట్టు. రాళ్ళు ఇక్కడే కోయించి తెస్తా. ఒక్కోటి తొమ్మిది, పది కిలోలుంటాయి, బస్టాండుకి నువ్వే రా. మీ నాన్నని పంపకు, నడుం పట్టేస్తుంది.

మీ పెదనాన్న