ఎనిమిది కుర్చీల గదిలో చేజారిన ఉద్యోగం

ముక్తేశ్వరం,
శుక్రవారం.

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. హైదరాబాద్ నుంచి వచ్చిన దగ్గర్నుంచి నువ్వు సరిగా అన్నం తినడం లేదట. సాయంత్రమైతే కాలవగట్టు మీదకి వెళ్ళి ఒక్కదానివే కూర్చుంటున్నావట. ఆ తర్వాత నువ్వు పెట్టిన మెసేజ్ చూశాను. "ఎనిమిది మందిలో ఇద్దరు అరుస్తూనే ఉన్నారు మావయ్యా. నాకు సందే ఇవ్వలేదు. ఆ ఇద్దరిలో ఒకడికి ఉద్యోగం వచ్చింది. ఇక ఈ గ్రూప్ ఇంటర్వ్యూలకి వెళ్ళను" అని రాశావు. ఫోన్‌లో మాట్లాడితే నీకు ఏడుపొస్తుంది, నేనేమో తొందరపడి ఏదో ఒకటి చెప్పేస్తాను. అందుకే ఉత్తరం.

నీ కోపంలో న్యాయం ఉంది. అరిచినవాడికి ఉద్యోగం రావడం ప్రతిసారీ జరగదు గానీ, అసలు జరగదని మాత్రం చెప్పను. నేను పదకొండేళ్ళు ఇంటర్వ్యూలు చేస్తూ బల్లకి అవతలి వైపు కూర్చున్నాను. అలాంటి తప్పు నా చేతుల మీదుగానే జరిగింది. అది కాసేపట్లో చెప్తాను.

ముందు, కొంతమందిని ఒకచోట కూర్చోబెట్టి ఒక విషయం మీద మాట్లాడించి చూసే ఈ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకో. ఇది సైన్యంలో పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆఫీసర్లు పెద్ద సంఖ్యలో కావాల్సి వచ్చి, బ్రిటిష్ సైన్యం 1942లో కొత్త సెలెక్షన్ బోర్డులు పెట్టింది. నాయకుణ్ణి నియమించకుండా ఒక గుంపుకి పని అప్పగించి, ఎవరు ఎలా నడుచుకుంటారో పక్కన నిలబడి చూసేవాళ్ళు. మరుసటి ఏడాదే మన దేశంలో డెహ్రాడూన్‌లో అలాంటి బోర్డు మొదలైంది. సైన్యానికి ఆఫీసర్లని ఎంచే ఇప్పటి సర్వీసెస్ సెలెక్షన్ బోర్డు, అదే ఎస్‌ఎస్‌బీ, దాని వారసత్వమే. అక్కడ ఒక అభ్యర్థిని ఐదు రోజులు చూస్తారు. ఒకరు మనస్తత్వ పరీక్షలు పెడతారు, ఒకరు గ్రౌండులో గుంపు చేత పనులు చేయిస్తారు, ఒకరు విడిగా ఇంటర్వ్యూ చేస్తారు. ముగ్గురూ ఎవరి అంచనా వాళ్ళు వేసుకుని, ఆఖరి రోజున కూర్చుని తేలుస్తారు.

కంపెనీలు ఇందులోంచి ఒక్క ముక్క విరుచుకుని, ఇరవై నిమిషాల్లో ముగిస్తున్నాయి. ఒక మనిషిని తెలుసుకోవడానికి ఐదు రోజులూ ముగ్గురు మనుషులూ కావాలని సైన్యం అనుకుంది. ఇరవై నిమిషాల్లో నువ్వెలాంటి దానివో ఎవరికి తెలుస్తుందమ్మా? ఆ కాసేపట్లో ఎవరు కంటికి ఆనారు, ఎవరు ఆనలేదు అన్నది ఒక్కటే తెలుస్తుంది. ఆ కంపెనీ నుంచి నీకొచ్చిన మెయిల్లో ఉన్నది కూడా అంతే. దాన్ని నీ చదువు మీదా, నీ తెలివి మీదా వచ్చిన తీర్పులా చదువుకోవద్దు.

నా చేతిలో ఉండే కాగితం ఎలా ఉండేదో చెప్తాను. పైన వరసగా ఎనిమిది నంబర్లు. ఎడమ పక్క నిలువుగా కొన్ని మాటలు: విషయం, స్పష్టత, వినడం, నలుగురినీ కలుపుకోవడం. మిగిలినవన్నీ గళ్ళు. ఎవరైనా పనికొచ్చే మాట అంటే ఆ గడిలో ఒక టిక్కు. ఎనిమిది మంది ఒకేసారి మాట్లాడుతుంటే మేం ఇద్దరం రాసుకునేవాళ్ళం. మధ్యలో టీ వచ్చేది, పై ఆఫీసు నుంచి ఫోన్ వచ్చేది. మధ్యాహ్నం మూడింటికి నాలుగో బ్యాచో ఐదో బ్యాచో నడుస్తుంటే, ఒకరన్న మంచి మాట పక్క నంబరు గడిలో పడిపోయిన సందర్భాలు కూడా ఉన్నాయి.

ఒకసారి ఒక అమ్మాయి వచ్చింది. నంబరు ఏడు. ఆ రోజు ఇచ్చిన విషయం, పల్లెటూళ్ళ డీలర్లకి అప్పు మీద సరుకు ఇవ్వాలా వద్దా అని. ఆ అమ్మాయి ఒక్కసారి నోరు తెరిచింది. పక్కవాడు అడ్డొచ్చాడు. మళ్ళీ తెరవలేదు. బ్యాచ్ అయిపోయాక నేను చేతులు కడుక్కుందామని వరండాలోకి వెళ్తే, తనతో వచ్చిన స్నేహితురాలికి అదే విషయం విడమరిచి చెబుతోంది. రైతు చేతికి డబ్బు ఏ నెలలో వస్తుంది, మన బిల్లు గడువు ఏ నెలలో ముగుస్తుంది, ఈ రెంటి మధ్యా డీలర్ ఎలా నలిగిపోతాడు అని వేళ్ళ మీద లెక్కపెట్టి మరీ చెబుతోంది. లోపల ఎనిమిది మందిలో ఒక్కరికి కూడా తట్టని మాట అది. గబగబా వెనక్కి వచ్చి కాగితం చూసుకున్నాను. ఏడో నంబరు కింద గళ్ళన్నీ ఖాళీ. పక్కాయనకి చెప్పాను. "వరండాలో అన్నదానికి మార్కులెలా వేస్తామండీ" అన్నారు. నేను గట్టిగా పట్టుబట్టలేదు. పట్టుబట్టాల్సింది. ఆ ఖాళీ గళ్ళు నాకు ఇంకా కళ్ళ ముందే ఉన్నాయి. నీ మెసేజ్ చదువుతుంటే మళ్ళీ ఆ అమ్మాయే గుర్తొచ్చింది.

అందుకే నిన్ను అడిగేది ఒక్కటే. ఈసారి నీ నంబరు కింద గడి ఖాళీగా ఉండనివ్వకు. దానికి అరవక్కర్లేదు.

మొదటి రెండు మూడు నిమిషాల్లో ఒక్క మాట పడేలా చూసుకో. అందరికంటే ముందు మాట్లాడితే మార్కులు వస్తాయని కోచింగ్ సెంటర్లలో చెబుతారు. విషయం తెలిస్తే మొదలుపెట్టు, మంచిదే. తెలియకుండా మొదలుపెట్టినవాళ్ళు చివరిదాకా ఆ మొదటి మాటని వెనకేసుకు రావడంలోనే అలిసిపోవడం చాలాసార్లు చూశాను. రెండోదానివో మూడోదానివో అయినా పర్వాలేదు. పది నిమిషాలు దాటనిస్తే మాత్రం గొంతు బిగుసుకుపోతుంది. ఆ తర్వాత నోరు తెరవడం చాలా కష్టం.

అరిచేవాడి మధ్యలోకి దూరాలంటే వాడి మాట పట్టుకునే దూరాలి. వాడు ఊపిరి తీసుకోవడానికి ఆగుతాడు చూడు, అప్పుడు "మూడో నంబర్ గారు ధర గురించి అన్నారు, దానికి ఒకటి కలుపుతాను" అను. తన మాటే ఎత్తారనగానే ఎంతటివాడైనా ఒక్క క్షణం వింటాడు. ఆ క్షణంలో నీ మాట చెప్పెయ్యి. చెప్పేటప్పుడు వాడి వైపు చూడకు, మిగతా ఆరుగురినీ చూడు.

ఇక ఇంగ్లీషు. నువ్వు మెసేజ్‌లో రాయలేదు గానీ, అసలు టెన్షన్ అక్కడే ఉందని నాకు తెలుసు. ఎందుకంటే నాదీ అదే కథ. 1984లో కాకినాడలో ఒక కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్ళాను. పదిమందిని గుండ్రంగా కూర్చోబెట్టారు. నాకు ఇంగ్లీషు వచ్చు. కానీ మాట తెలుగులో అనుకుని, ఇంగ్లీషులోకి మార్చుకుని, తప్పులేమైనా ఉన్నాయేమో చూసుకుని నోరు తెరిచేసరికి చర్చ వేరే చోటికి వెళ్ళిపోయేది. మూడుసార్లు అలాగే అయింది. సాయంత్రం పేర్లు చదివారు. నా పేరు లేదు. బస్సు పట్టుకుని కోటిపల్లి రేవుకి వచ్చేసరికి నది దాటించే ఆఖరి పంటు వెళ్ళిపోయింది. రాత్రంతా రేవులో బల్ల మీదే కూర్చున్నాను. అవతలి ఒడ్డున మన ముక్తేశ్వరం దీపాలు కనబడుతున్నాయి, మధ్యలో గౌతమి. ఇంటికి వెళ్ళి మీ తాతయ్యకి ఏం చెప్పాలా అని ఒకటే దిగులు. ఏమీ తోచక, ఇంటర్వ్యూ కాగితం వెనక, అక్కడ అనలేకపోయిన మూడు మాటలూ రాసుకున్నాను. రాశాక చూస్తే ఒక్కొక్కటీ రెండు చిన్న వాక్యాలు. నీకూ నాకూ వచ్చిన ఇంగ్లీషే. నేను లోపల పెద్ద పెద్ద వాక్యాల కోసం వెతుక్కుంటూ కూర్చున్నాను.

నువ్వూ అదే చెయ్యి. రెండు వాక్యాలు, పొట్టివి. ఒకటి నీ అభిప్రాయం, రెండోది దానికి కారణం. ఉదాహరణ మన ఊళ్ళోంచే ఇవ్వు. రొయ్యల చెరువుల గురించో, కడియం నర్సరీల గురించో, కొబ్బరి ధర పడిపోతే అంబాజీపేట మార్కెట్లో ఏం జరుగుతుందో నువ్వు చెబితే ఆ గదిలో కొట్టిపారేసేవాళ్ళు ఉండరు. అది నీకు చూసి తెలిసిన విషయం కాబట్టి మాట కూడా తడబడదు.

ఇంకొకటి. దాళ్వా పంటకి గోదావరిలో నీళ్ళు తగ్గిన ఏడాది కాలవలకి వంతుల వారీగా నీళ్ళిస్తారు కదా. 1997 చట్టంతో నీటి సంఘాలు వచ్చాక ఆ వంతుల మీద జరిగిన సమావేశాలకి చాలాసార్లు వెళ్ళాను. కాలవ ఎగువన పొలాలున్నవాళ్ళ గొంతు పెద్దగా ఉంటుంది. కాలవ చివరన పొలాలున్న శివారు రైతులు వెనక ఎక్కడో నిలబడతారు. ఒకసారి తగవు ముదిరి చొక్కాలు పట్టుకునే దాకా వచ్చింది. అప్పుడు ఒక పెద్దాయన చెయ్యెత్తాడు, ఆయనదీ ఎగువ పొలమే. "ఉండండ్రా, శివారోళ్ళకి నీళ్ళు ఎన్నో రోజుకి అందుతున్నాయో వాళ్ళని చెప్పనివ్వండి" అన్నాడు. ఆ మాటతో కేకలు ఆగాయి. వెనకున్న ఒకాయన తన చేలో నీళ్ళు ఏ రోజున ఎక్కాయో తేదీలతో సహా చెప్పాడు. అక్కడి నుంచి మాటలు లెక్కల్లోకి వచ్చాయి. ఆ రోజు అందరికంటే తక్కువ మాట్లాడింది ఆ పెద్దాయనే. సమావేశం నడిపింది కూడా ఆయనే.

నీ బ్యాచ్‌లో కూడా నీలాగే సందు దొరక్క కూర్చున్నవాళ్ళు ఇంకో ఇద్దరైనా ఉండి ఉంటారు. "ఐదో నంబర్ గారు ఏదో చెప్పబోయారు, విందాం" అని ఒక్కసారి అని చూడు. నిజంగా వినాలనిపిస్తేనే అను. మార్కుల కోసం అంటే ముఖంలో తెలిసిపోతుంది. ఆ తేడా మేం బల్ల అవతల నుంచి సులువుగా పట్టేసేవాళ్ళం.

ప్రాక్టీసుకి వీడియోలు చూడకు. అవి చూస్తే ఇంకా భయం పెరుగుతుంది. మీ అమ్మ డ్వాక్రా సంఘం సమావేశానికి నెలనెలా వెళ్తుంది కదా, వెంట వెళ్ళు. పదిమంది ఆడవాళ్ళు అప్పు ఎవరికి ముందు ఇవ్వాలో, కిస్తీ ఎవరిది ఆగిందో మాట్లాడుకునే చోట, ఒకరి మాటకి అడ్డు రాకుండా నీ మాట చెప్పి రా. అంతకంటే మంచి గ్రూప్ డిస్కషన్ హైదరాబాద్‌లో డబ్బు కట్టినా దొరకదు.

వెళ్ళనే వెళ్ళనన్నావు. అది నీ ఇష్టం, దారులు వేరేవీ ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వంలో గ్రూప్ సీ, గ్రూప్ డీ పోస్టులకీ, గ్రూప్ బీలో నాన్ గెజిటెడ్ పోస్టులకీ 2016 జనవరి నుంచి ఇంటర్వ్యూలే తీసేశారు, వాటిల్లో చాలావాటికి రాతపరీక్ష బాగా రాస్తే చాలు. కానీ నువ్వు చూస్తున్న స్టేట్ బ్యాంక్ పీవో (ప్రొబేషనరీ ఆఫీసర్) ఉద్యోగానికి గ్రూప్ ఎక్సర్‌సైజు ఉంది. దానికి 20 మార్కులు, ఇంటర్వ్యూకి 30. ఆ యాభై మార్కులనీ చివరి లెక్కలో 25కి కుదించి, మెయిన్స్ అనే రాతపరీక్ష మార్కులని 75కి మార్చి కలుపుతారు. అంటే బరువంతా నీకు బాగా వచ్చిన రాతపరీక్ష మీదే ఉంది. ఇంత చిన్న భాగానికి భయపడి ఆ అప్లికేషన్ మానుకుంటానంటే మాత్రం నేను ఒప్పుకోను.

ఇవాళ రాత్రి ఒక పని చెయ్యి. ఒక తెల్లకాగితం తీసుకుని, ఆ గదిలో నువ్వు అనాలనుకుని అనలేకపోయిన మాటలన్నీ రాయి. ముందు తెలుగులో రాయి, పక్కన ఇంగ్లీషులో పొట్టిగా. ఆ ఇద్దరి మీద కోపం కూడా రాయాలనిపిస్తే వెనక పేజీలో రాసుకో. ఆదివారం పొద్దున్నే ఆ కాగితం తీసుకుని ఇక్కడికి రా. నేనూ అత్తయ్యా, పక్కింటి పిల్లలిద్దరూ కలిసి అరుగు మీద కూర్చుంటాం. పిల్లలిద్దరూ ఎవరి మాటా విననివ్వకుండా అరుస్తారు, నువ్వు మధ్యలో దూరి చెప్పాలి. మధ్యాహ్నం దాకా అదే పని.

అత్తయ్య పనసపొట్టు కూర చేస్తానంటోంది. ముందు ఈ పూట అన్నం తిను.

ఉంటాను,
మీ మావయ్య