ఒకే లాప్‌టాప్ నుంచి వెళ్లిన నలుగురి కోడ్‌కి పేర్లు ఎలా ఎక్కించాలి?

భీమవరంలో నలుగురు కలిసి రొయ్యల చెరువుల మేత లెక్కకి ప్రోగ్రాం రాశామనీ, కమిట్లన్నీ (దాచిపెట్టిన కోడ్ మార్పులు) ఒకరి లాప్‌టాప్ నుంచే వెళ్లడంతో గిట్‌హబ్‌లో ఒక్కరి పేరే కనిపిస్తోందనీ అడిగారు. ఆ ఒక్కరినీ తప్పుపట్టకండి. కోడ్ ఎవరిదో గిట్‌కి (కోడ్ మార్పుల చరిత్ర దాచే ప్రోగ్రాం) తెలీదు; ఆ మెషీన్‌లో యూజర్.నేమ్, యూజర్.ఈమెయిల్ ఏవి పెట్టుంటే అవే రాసేసుకుంటుంది.

ప్రతి కమిట్‌లోనూ రెండు పేర్లుంటాయి. ఆథర్ అంటే కోడ్ రాసినవాళ్లు, కమిటర్ అంటే దాన్ని రిపోలో (ప్రాజెక్టు ఫైళ్లూ వాటి చరిత్రా ఉండే చోటు) ఎక్కించినవాళ్లు. ‘గిట్ లాగ్ --ఫార్మాట్=ఫుల్లర్’ కొడితే రెండూ కనిపిస్తాయి. (కమాండ్లు తెలుగు లిపిలో రాస్తున్నానండి, టైప్ చేసేది ఇంగ్లీషు అక్షరాల్లోనే.) కోడ్ మొత్తం పక్కవాళ్లదే అయితే కమిట్ చేసేటప్పుడు ‘--ఆథర్="పేరు <ఈమెయిల్>"’ ఇస్తే సరిపోతుంది. వాట్సాప్‌లో ఫైలు పంపించుకుని పేస్ట్ చేయడం మానండి, పేరు పోయేది అక్కడే. వాళ్లని ‘గిట్ ఫార్మాట్-ప్యాచ్’తో ప్యాచ్ (మార్పులూ, రాసినవాళ్ల పేరూ ఉన్న ఫైలు) తీసి పంపమనండి. మీరు ‘గిట్ ఏఎం’తో ఎక్కిస్తే ఆథర్ పేరు చెక్కుచెదరదు.

ఇద్దరు ముగ్గురు కలిసి రాసిందైతే చిక్కు, ఎందుకంటే ఆథర్ గడిలో పట్టేది ఒక్క పేరే. మిగతావి కమిట్ మెసేజ్ చివర ఇలా రావాలి:

మేత లెక్కలో చెక్ ట్రే మిగులు కలిపాం

కో-ఆథర్డ్-బై: పేరు <ఈమెయిల్>
కో-ఆథర్డ్-బై: ఇంకో పేరు <ఈమెయిల్>

గిట్‌హబ్ 2018 నుంచి ఈ వరుసలు చదివి అందరి బొమ్మలూ పక్కపక్కన చూపిస్తోంది. మెసేజ్‌కీ మొదటి పేరుకీ మధ్య ఖాళీ వరుస ఉండాలి, పేర్ల మధ్య ఉండకూడదు. వాటి కింద వేరే పేరా ఏదీ పెట్టకండి, ‘థాంక్స్’ అని కూడా. గిట్ 2.32 నుంచి ఈ వరుసలు తనే చేర్చే ‘--ట్రెయిలర్’ ఉంది కాబట్టి చేత్తో రాసే బాధ కూడా లేదు.

అన్నీ సరిగ్గా ఉన్నా బొమ్మ రాలేదంటే నూటికి తొంభైపాళ్లు ఈమెయిల్ తేడా. అక్కడ రాసిన ఈమెయిల్ వాళ్ల గిట్‌హబ్ ఖాతాలో ఉండాలి. కాలేజీ ఈమెయిల్ వాడితే తర్వాత ఇంకో గొడవ: చదువయ్యాక ఆ మెయిల్ మూసేస్తే ఖాతాకి కలుపుకోవడానికి వెరిఫికేషన్ లింకు కూడా అందదు. గిట్‌హబ్ సెట్టింగ్స్‌లో ఈమెయిల్స్ దగ్గర అంకెతో మొదలయ్యే నోరిప్లై అడ్రస్ (గిట్‌హబ్ ఇచ్చే మారు ఈమెయిల్) ఉంటుంది, నలుగురూ ఎవరిది వాళ్లు వాడండి. సొంత మెయిల్ బయటపడదు, ఎప్పటికీ మూతపడదు.

పెట్టిన పేర్లు స్క్వాష్‌లో (కొన్ని కమిట్లని ఒక్కటిగా కలపడం) కూడా పోతాయి. గిట్‌హబ్‌లో ‘స్క్వాష్ అండ్ మెర్జ్’ నొక్కితే పేర్లు తనే చేరుస్తుంది గానీ, మెసేజ్ పొడవుగా ఉందని ఆ పెట్టెలోదంతా చెరిపేస్తే అవీ పోయినట్టే. మీ మెషీన్‌లో ‘మెర్జ్ --స్క్వాష్’ చేసి కమిట్ చేస్తే ఆథర్ మీరొక్కరే. రీబేస్‌లో (పాత కమిట్లని తిరగరాయడం) ‘ఫిక్సప్’ పెడితే ఆ కమిట్ మెసేజ్ మొత్తం పారేస్తుంది, కో-ఆథర్ వరుసలతో సహా.

సైన్డ్-ఆఫ్-బై అనే వరుస దీనికి పనికిరాదు. అది ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుందని చెప్పే సంతకం.

ఇక ఇప్పటికే వెళ్లిపోయిన కమిట్ల సంగతి. ఇంకా పుష్ చేయకపోతే (గిట్‌హబ్‌కి పంపకపోతే) చివరి కమిట్‌ని ‘కమిట్ --అమెండ్’తో సరిచేయండి. పుష్ అయిపోయి మిగతావాళ్లు పుల్ చేసుకుని (దించుకుని) ఉంటే చరిత్ర జోలికెళ్లకండి. ఒక్క పేరు మార్చినా అక్కణ్ణుంచి పైనున్న కమిట్లన్నిటి హ్యాష్‌లూ (గుర్తింపు సంకేతాలు) మారి, అందరి కాపీలూ తెగిపోతాయి. ఆథర్స్ ఫైలొకటి పెట్టి, ఏ ఫోల్డర్ ఎవరు రాశారో రాసి, ఆ కమిట్‌లోనే ముగ్గురినీ కో-ఆథర్లుగా చేర్చండి. పాత వరుసలకి బ్లేమ్‌లో (ఏ వరుస ఎవరిదో చూపే కమాండ్) పేరు మారదు, కానీ కాంట్రిబ్యూటర్లలో ముగ్గురూ కనిపిస్తారు.

మనవాళ్ల పేర్లతో ఇంకో తంటా. ఇంట్లో సిస్టంలో ఇంటిపేరు ముందు, ల్యాబ్‌లో వెనక, సత్యనారాయణకి ఒకచోట హెచ్ ఉంటుంది ఒకచోట ఉండదు. ఎవరివి ఎన్ని కమిట్లో చూపే ‘షార్ట్‌లాగ్ -ఎస్ఎన్ఈ’లో ఒకే మనిషి ముగ్గురై కనిపిస్తాడు. రిపోలో .మెయిల్‌మ్యాప్ ఫైలు పెట్టి సరైన పేరు, ఈమెయిల్ ముందు, పాతవి తర్వాత రాస్తే ఒకరే అవుతారు.

మేత పట్టిక ఏ రైతో ఇచ్చి ఉంటే ఆయన కోడ్ రాయలేదు కాబట్టి కో-ఆథర్ కాదు. అంతమాత్రాన వదిలేయకూడదు, ఆ అంకెలు లేకపోతే మీ ప్రోగ్రాం ఉత్త డొల్ల. రీడ్‌మీలో ‘మేత పట్టిక ఇచ్చినవారు’ అని పెట్టండి. పేరు వేయొచ్చా, ఎలా వేయాలని ఆయన్నే అడగండి. ఫోన్ నెంబరు మాత్రం వేయకండి.