డబ్బు తిరిగి పెట్టేశాను, అయినా బల్ల దగ్గర చెయ్యి వణుకుతోంది

ప్రశ్న: నా వయసు 28. మాది పల్నాడు జిల్లాలో ఒక పల్లెటూరు, ఉద్యోగం హైదరాబాద్‌లో. ఆరేళ్ల క్రితం మారుమనస్సు పొంది బాప్తిస్మం తీసుకున్నాను. సంఘంలో యూత్ లీడర్‌ని, కీబోర్డ్ వాయిస్తాను. నా భార్యకు ఇప్పుడు ఆరో నెల. ఏడాది క్రితం ఒక ఫ్రెండ్ పంపిన లింకుతో క్రికెట్ బెట్టింగ్ మొదలుపెట్టాను. 2,40,000 రూపాయలు పోయాయి. ఒకసారి క్రిస్మస్ కోసం యూత్ పోగుచేసిన 18,000 వాడేసి, లోన్ యాప్‌లో అప్పు చేసి రెండు వారాల్లో తిరిగి పెట్టేశాను. ఎవరికీ తెలియదు. ఉపవాసాలు ఉన్నాను, యాప్ మూడుసార్లు తీసేశాను, మళ్లీ పడిపోతున్నాను. ‘ఈ ఒక్కసారి గెలిపించు ప్రభువా, సగం మందిరానికే ఇస్తాను’ అని ప్రార్థన చేసిన రోజులు కూడా ఉన్నాయి. సంఘంలో ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం) తీసుకునేటప్పుడు చెయ్యి వణుకుతోంది. అసలు నా రక్షణ నిజమైనదేనా?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ ప్రార్థన సంగతి మాట్లాడుకుందాం. మిగతాదంతా సిగ్గుపడుతూ రాశావు, అదొక్కటి మాత్రం మామూలుగా రాసేశావు. నాకు అన్నిటికంటే అక్కడే భయం వేసింది.

మత్తయి 4వ అధ్యాయం నువ్వు యూత్ మీటింగుల్లో ఎన్నిసార్లు చెప్పి ఉంటావో. రెండో శోధన గుర్తు చేసుకో. యేసును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి ‘దూకు, నీకు దెబ్బ తగలకుండా దూతలు ఎత్తి పట్టుకుంటారు’ అన్నాడు అపవాది. కీర్తనల వచనం కూడా చదివాడు. అంటే చూడడానికి అది విశ్వాసం లాగే ఉంటుంది. యేసు జవాబు ‘ప్రభువైన నీ దేవుని నీవు శోధింపవలదు’. పందెం కాసి గెలిపించమని అడగడం, పైగా సగం వాటా ఇస్తాననడం, ఆ శిఖరం మీంచి దూకడమే. ఆ రాత్రుల్లో నీకు ప్రార్థన తక్కువేమీ కాలేదు. ప్రార్థననే పందెంలో పెట్టావు. అందుకే ఇంకో ఇరవై ఒక్క రోజులు ఉపవాసం ఉండమని నేను చెప్పను. ప్రభువును శోధకుడు పట్టుకున్నది కూడా నలభై రోజుల ఉపవాసం తర్వాత, ఆకలి మీద ఉన్నప్పుడే కదా.

ఇక రక్షణ సంగతి. బాప్తిస్మం తీసుకుంటే శోధనలు ఆగిపోతాయని మన సంఘాల్లో ఎవరూ నోటితో చెప్పరు, కానీ మనం వినే సాక్ష్యాలన్నీ అలాగే ఉంటాయి. ‘ఒకప్పుడు తాగేవాణ్ని, ప్రభువు విడిపించాడు’ అంటారు, అందరూ చప్పట్లు కొడతారు. ‘పోయిన బుధవారం మళ్లీ పడిపోయాను’ అని చెప్పుకునే చోటు మాత్రం ఉండదు. యొర్దానులో బాప్తిస్మం అయిన వెంటనే యేసు వెళ్లింది అరణ్యానికి. అక్కడ శోధన అయ్యాక కూడా అపవాది ‘కొంతకాలము ఆయనను విడిచిపోయెను’ అని రాశాడు లూకా. కొంతకాలమే. శోధన రావడం పాపం కాదు. ‘నేను చేయగోరు మేలు చేయక చేయగోరని కీడు చేయుచున్నాను’ అన్న పౌలు రక్షణను ఎవరమూ అనుమానించం. నీ చెయ్యి వణకడం మంచిదే. ఏమీ అనిపించకుండా బల్ల తీసుకుంటూ ఉంటే అప్పుడు నాకు ఎక్కువ టెన్షన్. అలాగని బల్ల మానేయకు. 1 కొరింథీ 11లో ‘తన్ను తాను పరీక్షించుకొనవలెను’ అన్న మాట తర్వాత ఏముందో చూడు, రొట్టెను తిని, పాత్రలోనిది త్రాగవలెను అనే ఉంది. పరీక్ష నిజంగా జరగాలి, అంతే.

ఈ ఊబి ఎలా పనిచేస్తుందో కూడా తెలుసుకోవాలి. ఎప్పుడూ ఓడిపోతే ఎవరైనా మానేస్తారు. ఎప్పుడొస్తుందో తెలియకుండా మధ్యలో ఒక గెలుపు వస్తుంది చూడు, అదే మనిషిని కట్టేస్తుంది. ఆఖరి ఓవర్లో నాలుగు పరుగుల తేడాతో పోతే మెదడు దాన్ని ఓటమిగా లెక్క వేసుకోదు, ‘కొద్దిలో తప్పింది’ అనుకుంటుంది. దాని పైన పోయిన డబ్బు రాబట్టుకోవాలనే ఆత్రం. జూదపు అలవాటును ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వ్యసన రుగ్మతల్లోనే చేర్చింది. మీ పెద్దలెవరైనా దీన్ని దురాత్మ అంటే వాళ్లతో వాదన పెట్టుకోకు, ప్రార్థన చేయించుకో. కానీ బ్యాంకు స్టేట్‌మెంట్ కూడా వాళ్ల ముందు పెట్టు.

చట్టం ఏం చేస్తుందిలే అంటావేమో. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించాయి, 2025లో కేంద్రమూ డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. అయినా లింకులు వస్తూనే ఉన్నాయి. లింకు పంపినవాడి నంబరు ఇప్పటికీ నీ ఫోన్లో ఉందా?

నీకు బాగా తెలిసిన వచనమే ఇంకొకటి, 1 కొరింథీ 10:13. ‘శోధనతో కూడ తప్పించుకొను మార్గమును కలుగజేయును’. మనం ఆ మార్గం కోసం రాత్రి, టాస్ పడ్డాక, ఫోన్ చేతిలో పెట్టుకుని వెతుకుతాం. అప్పటికి ఆలస్యమైపోతుంది. యజమాని భార్య వస్త్రం పట్టుకుని లాగినప్పుడు యోసేపు పోతీఫరు ఇంట్లో నిలబడి వాక్యం చెప్పలేదు, పై వస్త్రం వదిలేసి పారిపోయాడు. నువ్వు వదలాల్సిన వస్త్రం నీ జీతం ఖాతా. జీతం పడే రోజు నుంచి అది నీ భార్య చేతిలో ఉండాలి. నీ ఫోన్లో యూపీఐ వద్దు, ఖర్చులకు చేతి డబ్బు చాలు. మ్యాచ్ ఉన్న రాత్రి ఫోన్ హాల్లో చార్జింగ్ పెట్టి పడుకో. ఇవి భక్తిలా కనిపించవని నాకూ తెలుసు. కానీ ‘మమ్మును శోధనలోకి తేక’ అని రోజూ అడిగేవాడు తనంతట తానే శోధన వాకిట్లో కూర్చోకూడదు కదా.

భార్యకు చెప్పాలా అని నువ్వు అడగలేదు. చెప్పాలి. ఆరో నెల కదా అని ఆగొద్దు. లోన్ యాప్ వాళ్లు నీ కాంటాక్టులందరికీ ఫోన్ చేసే రోజు వస్తే, ఆమెకు ఆ మాట ఎవరో పరాయివాడి నోట తెలుస్తుంది. పగటిపూట, సెలవు రోజున, ఆమె అన్నం తిన్నాక చెప్పు. అంకెలన్నీ కాగితం మీద రాసుకుని వెళ్లు. సగం చెప్పి సగం దాచావంటే రెండోసారి చెప్పాల్సి వస్తుంది, అప్పుడు ఆమె తట్టుకోవడం ఇంకా కష్టం. ఆమె ఏడుస్తుంది, కోప్పడుతుంది. ‘ప్రభువు క్షమించాడు కదా, నువ్వూ క్షమించు’ అని మాత్రం ఆ రోజు అనకు. పుట్టింట్లో ఒకరికి చెప్పుకుంటానంటే అడ్డుపడకు.

18,000 తిరిగి పెట్టావు, సరే. కానీ అది అప్పు తెచ్చి కప్పిన గొయ్యి. సుంకాలు వసూలు చేసే జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదాన్ని నాలుగంతలు తిరిగిస్తానని నలుగురి ముందు చెప్పాడు. నువ్వు అందరి ముందూ చెప్పక్కర్లేదు. మైకు పట్టుకుని సాక్ష్యంగా అసలే చెప్పకు, ఇంకా గాయం ఆరలేదు. యాకోబు 5:16లో ‘ఒకనితోనొకడు’ అని ఉంది, ఒకరు చాలు. పాస్టర్ గారికి, లేదా నోరు జారదని నీకు నమ్మకమున్న ఒక సంఘ పెద్దకు ఈ డబ్బు విషయం చెప్పి, యూత్ లెక్కల పుస్తకం ఇచ్చేయి. కారణం చెప్పకుండా ‘బిజీగా ఉన్నాను’ అని ఇచ్చేస్తే అది ఇంకో దాపరికం. కొన్నాళ్లు కీబోర్డ్ కూడా పక్కన పెట్టమంటే ఒప్పుకో. యూత్ లీడర్ అన్న పేరు కాపాడుకోవడానికే ఏడాదిగా సగం బలం ఖర్చు పెట్టావు. వెనుక వరుసలో కూర్చుని పాటలు వినడం నీకు విశ్రాంతిగా ఉంటుంది చూడు.

లోన్ యాప్ వాళ్లు బెదిరిస్తే 1930కి ఫోన్ చేసి సైబర్ క్రైమ్‌లో ఫిర్యాదు ఇవ్వు. ఆ అప్పు తీర్చడానికి ఇంకో యాప్‌లో అప్పు చేయొద్దు. నిద్ర పట్టకపోతే, చచ్చిపోతే బాగుండు అనిపించిన రాత్రి ఏదైనా ఉంటే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 టెలీ మానస్‌కు ఫోన్ చెయ్యి. ఉచితం, ఏ వేళైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. డాక్టర్ దగ్గరకు వెళ్తే విశ్వాసం తక్కువని ఎవరైనా అంటే, పంటి నొప్పికి ఆ అన్నయ్య ఎక్కడికి వెళ్లాడో ఒకసారి అడుగు.

మళ్లీ ఒకసారి పడిపోవచ్చు. పడితే అదే రోజు, తెల్లారకముందే, నువ్వు విషయం చెప్పుకున్న ఆ పాస్టర్ గారికో పెద్దకో ఫోన్ చెయ్యి. మొదట్లో పోయాక చెబుతావు, తర్వాత్తర్వాత వేలు యాప్ మీద ఉండగా చెబుతావు, ఒక రోజు లింకు రాగానే చెబుతావు. ఎదుగుదల అంటే నేను చూసినంతలో ఇలాగే ఉంటుంది. పేతురు ‘ఆయన ఎవరో నాకు తెలియదు’ అని పడిపోకముందే యేసు అతని నమ్మిక తప్పిపోకుండా వేడుకున్నాడు, కోడి కూయడం ఆ తర్వాతి సంగతి.

వచ్చే జీతం పడ్డాక నాకు మళ్లీ రాయి. ఖాతా ఎవరి చేతిలో ఉందో మొదటి లైన్లోనే రాయి.