ఇంగ్లాండ్‌లో వేటాడిన జింకలో పశువుల క్షయ ఉందని ఎలా గుర్తుపట్టాలి? ఎవరికి చెప్పాలి?

బతికున్న జింకను చూసి చెప్పడం దాదాపు అసాధ్యం. వ్యాధి బాగా ముదిరితేనే చిక్కిపోవడం, మెడ కింద గడ్డలు కనిపిస్తాయి. పుష్టిగా ఉన్న జింకలోనూ ఈ క్షయను కలిగించే బ్యాక్టీరియా, మైకోబ్యాక్టీరియం బోవిస్, ఉండొచ్చు. అందుకే అసలు పరీక్ష కడుపు కోసి శుభ్రం చేసేటప్పుడే.

మూడు చోట్ల లింఫ్ గ్రంథులు చూడండి: గొంతు వెనక, ఊపిరితిత్తుల మధ్య, పేగులను పట్టి ఉంచే పొర వెంట. తలను కోసి పారేసి మిగతాది చూస్తే గొంతు గ్రంథులు తప్పిపోతాయి. చాలామంది చేసే పొరపాటు ఇదే. గ్రంథి వాచి, లోపల మీగడ రంగు చీము గానీ పొడిపొడిగా విరిగే ముద్ద గానీ ఉంటే అనుమానించాలి. ఊపిరితిత్తుల్లో, పక్కటెముకల లోపలి పొర మీద బుడిపెలు కూడా అంతే. పశువుల్లో గట్టిపడ్డ గడ్డలు చూసినవాళ్లు జింకలో మెత్తని చీముగడ్డను మామూలుదే అనుకుంటారు. మామూలు చీముగడ్డలూ, పక్షి క్షయా (పక్షులకు వచ్చే రకం క్షయ) ఇలాగే కనిపిస్తాయి కాబట్టి తేల్చేది ప్రయోగశాలే. నమూనాలోని బ్యాక్టీరియాను పెంచి చూసే కల్చర్ పరీక్షకు వారాలు పడుతుంది.

అనుమానం రాగానే కోయడం ఆపండి. ఇంకా కోస్తే చీము మాంసానికీ కత్తికీ అంటుతుంది. గ్లవ్స్ తీయకుండానే కత్తిని కడిగి, క్రిమిసంహారకంలో ముంచండి. తల, లోపలి అవయవాలతో సహా కళేబరాన్ని చల్లని చోట విడిగా ఉంచి, ఏపీహెచ్‌ఏ అనే జంతు ఆరోగ్య సంస్థకు వెంటనే తెలపండి. ఇది చట్టప్రకారం తప్పనిసరి. నిర్ధారణ అయ్యేదాకా ఆగకూడదు. జింక జాతి, మగో ఆడో, సుమారు వయసు, కాల్చిన చోటి గ్రిడ్ రిఫరెన్స్ (మ్యాపులో ఆ చోటును చూపే అంకెలు) రాసి ఉంచుకోండి. మాంసాన్ని అమ్మొద్దు, కుక్కలకూ వేయొద్దు.