సూది ముందు, రికార్డు తర్వాత: గ్రామఫోన్ రికార్డులపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా తాతయ్య సజ్జ మీద దాచిన రికార్డులు ఒక పెట్టెడు దొరికినయి. కొన్ని పలుచగా ఉండి వంగుతున్నయి, కొన్ని పలకల లెక్క బరువుగా ఉన్నయి. ఇంట్ల పాత హెచ్‌ఎంవీ ఫియెస్టా ప్లేయర్ కూడా ఉంది. అన్నీ దాని మీదనే వెయ్యొచ్చా?
— ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: తొందరపడకండి. ముందు వాటిని రెండు కుప్పలు చేయండి. బరువుగా, పెళుసుగా, పది అంగుళాల వెడల్పుతో, వైపుకు ఒక్కటే పాట ఉన్నవి 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) రికార్డులు. లక్కలో రాతిపొడి కలిపి చేసినవి కాబట్టి చెయ్యి జారితే పగిలిపోతాయి. వంగేవి వినైల్‌వి. వాటిలో పన్నెండు అంగుళాలవి నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే ఎల్‌పీలు, ఏడు అంగుళాలవి 45 చుట్లు తిరిగే ఈపీలు. వైపుకు రెండేసి సినిమా పాటలు ఉన్న చిన్న రికార్డులు మీ పెట్టెలో కనిపిస్తే అవి ఈపీలే. అనుమానం వస్తే లేబుల్ చూడండి, వేగం దాని మీద అచ్చయి ఉంటుంది.

తేడా ఒక్క వేగంలోనే లేదు, గాడి వెడల్పులోనూ ఉంది. 78 రికార్డు గాడికి సుమారు 75 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మొన కావాలి, ఎల్‌పీకి 18 మైక్రాన్లు చాలు. ఎల్‌పీ సూదిని 78 మీద పెడితే అది గాడి అడుగుకు దిగి దుమ్ములో దేకుతుంది. పాట కన్నా బరబర ఎక్కువ వినిపిస్తుంది, సూదీ పాడవుతుంది. 78 సూదిని ఎల్‌పీ మీద పెడితే మాత్రం గాడి అంచులే చెక్కుకుపోతాయి. ఆ నష్టం ఇక పూడదు. చాలా పాత ప్లేయర్లలో క్యాట్రిడ్జ్ (సూదిని పట్టి ఉంచే చిన్న డబ్బీ) దగ్గర చిన్న మీట ఉంటుంది. అటు తిప్పితే 78 సూది, ఇటు తిప్పితే ఎల్‌పీ సూది కిందికి వస్తాయి. అది ఎటు ఉందో చూడకుండా సూది దించకండి.

అసలు ఆ సూది ఎన్నాళ్లనాటిదో కూడా తెలియదు కదా. సఫైర్ మొన అయితే యాభై గంటలకే అరగడం మొదలవుతుంది. డైమండ్ మొన 500 నుంచి 1000 గంటలు వస్తుంది. తాతగారి కాలం సూదితో తాతగారి రికార్డు వేయడమంటే ఉన్నదాన్ని ఉలితో గీకడమే. కొత్త సూది వేయించాకే మొదటి రికార్డు పెట్టండి. చావి తిప్పే గ్రామఫోన్ ఉన్నవాళ్లకూ ఒక మాట: ఉక్కు ముల్లు వైపుకు ఒకటి చొప్పున మార్చాలి, దాని మీద వినైల్ ఎప్పుడూ వేయకూడదు.

ప్రశ్న: కొత్తగా టర్న్‌టేబుల్ కొని హోమ్ థియేటర్ ఆక్స్‌లో పెట్టిన. వాల్యూమ్ మొత్తం పెంచినా సన్నగా, బేస్ లేకుండా వస్తున్నది. పైగా గుయ్యిమని ఒకటే మోత.
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: అవి రెండు వేర్వేరు తప్పులు. మ్యాగ్నెట్ క్యాట్రిడ్జ్ నుంచి వచ్చే సిగ్నల్ 3 నుంచి 5 మిల్లీవోల్టులే. ఆక్స్‌కు వందల మిల్లీవోల్టులు కావాలి. అదీగాక రికార్డు కోసేటప్పుడే బేస్ తగ్గించి, ట్రెబుల్ పెంచి కోస్తారు. లేకుంటే బేస్ స్వరానికి గాడి వెడల్పై పక్క గాడిలోకి పోతుంది. ఈ పద్ధతి 1954 నుంచి ఆర్‌ఐఏఏ (అమెరికా రికార్డు కంపెనీల సంఘం) ప్రమాణంగా స్థిరపడింది. దాన్ని తిరగేసి, సిగ్నల్‌ను పెంచి ఇచ్చేదే ఫోనో ప్రీయాంప్. మీ టర్న్‌టేబుల్ వెనుక ‘ఫోనో/లైన్’ స్విచ్ ఉంటే ప్రీయాంప్ లోపలే ఉన్నట్టు, లైన్ వైపు జరపండి, పని అయిపోయినట్టే. స్విచ్ లేకుంటే విడిగా ఒక ప్రీయాంప్ కొని మధ్యలో పెట్టాలి. రెండూ ఒకేసారి పెడితే శబ్దం చీలి, బొంగురుపోతుంది.

గుయ్యిమనేది 50 హెర్ట్జ్ కరెంటు మోత. టర్న్‌టేబుల్ నుంచి వచ్చే సన్నని ఎర్త్ వైరును ప్రీయాంప్ లేదా యాంప్లిఫయర్ వెనుక ఉన్న ‘గ్రౌండ్’ స్క్రూకు బిగించండి. అయినా పోకుంటే అడాప్టర్లు, వైఫై రూటర్ క్యాట్రిడ్జ్‌కు ఒక మీటరు దూరం జరపండి. గోడ సాకెట్‌లో ఎర్త్ నిజంగా ఉందో లేదో టెస్టర్‌తో చూపించుకోండి. పాత ఇళ్లలో మూడో రంధ్రం ఉత్త అలంకారమే.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అన్నయ్య పాత బెల్టు ప్లేయర్ పంపించాడు. 110 వోల్టులది. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినం. తిరుగుతుంది గాని పాడినోళ్లంతా నిద్రమత్తులో పాడినట్టు ఉంది.
— ఒక పాఠకురాలు, మంచిర్యాల

జవాబు: ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మారుస్తుంది, హెర్ట్జ్‌ను మార్చదు. అక్కడ కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. పాత ఏసీ సింక్రనస్ మోటారు హెర్ట్జ్‌ను బట్టే తిరుగుతుంది కాబట్టి 33⅓ కాస్తా 27.8 అయింది. శ్రుతి మూడు స్వరస్థానాలకు పైగా పడిపోతుంది, అందుకే ఆ నిద్రమత్తు. మందు మోటారు కప్పీలో ఉంది. 60 హెర్ట్జ్ కప్పీ వ్యాసానికి 1.2 రెట్లుండే 50 హెర్ట్జ్ కప్పీ వేయాలి. ఆ మోడల్‌కు అది దొరకకపోతే పాతదాన్ని కొలిచి లేత్ వర్క్‌షాపులో ఇత్తడితో చేయించండి. వ్యాసం మిల్లీమీటరులో పదో వంతు తేడా వచ్చినా చెవికి తెలుస్తుంది, వెర్నియర్‌తో కొలవమనండి. అడాప్టర్‌తో నడిచే డీసీ మోటారు ప్లేయర్లకు ఈ బాధ లేదు. అడాప్టర్ మీద 100–240 వోల్టులని ఉంటే నేరుగా పెట్టుకోవచ్చు.

ప్రశ్న: రికార్డుల మీద తెల్లటి మచ్చలు వచ్చినయి. ఎట్ల కడగాలి?
— ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: అది వానకాలం బూజు. లోపలి కాగితం కవరులో తేమ చేరి పెరుగుతుంది. రికార్డు కడిగి మళ్లీ అదే కవరులో పెడితే నెల తిరిగేసరికి తిరిగొస్తుంది. కాబట్టి కవరు పారేయండి. సమాచారం అచ్చయిన కవరైతే నీడలో ఆరబెట్టి విడిగా దాచుకోండి.

బోరు నీళ్లు, నల్లా నీళ్లు వద్దు. వాటిలోని సున్నం ఆరాక గాడిలోనే గట్టిపడుతుంది. డిస్టిల్డ్ వాటర్ 800 మిల్లీలీటర్లు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 200 మిల్లీలీటర్లు, గిన్నెలు తోమే ద్రవం మూడు చుక్కలు కలపండి. ఆల్కహాల్ మొబైల్ రిపేర్ సామాను అమ్మే దుకాణాల్లో ఐపీఏ అంటే ఇస్తారు, 99 శాతంది తీసుకోండి. శానిటైజర్ తెచ్చి కలపకండి, అందులో గ్లిజరిన్ ఉండి గాడి జిగటవుతుంది. కొబ్బరినూనె రాస్తే మెరుస్తుందని చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మెరిసేది నిజమే, తర్వాత ఆ నూనెకు అంటిన దుమ్మంతా మీ సూదే తియ్యాలి.

రికార్డును మెత్తటి తువ్వాలు మీద పెట్టి, లేబుల్ తడవకుండా, మైక్రోఫైబర్ గుడ్డతో లేదా మెత్తటి పెయింట్ బ్రష్‌తో గాడి వెంట గుండ్రంగా తుడవండి, అడ్డంగా వద్దు. రెండో గుడ్డతో ఉత్త డిస్టిల్డ్ వాటర్ పట్టించి సబ్బు పోయేదాకా తుడవాలి. చాలామంది వదిలేసేది ఈ రెండో కడుగుడే. సబ్బు మిగిలితే మొదటిసారి వేసినప్పుడు సూది మొన మీద బూడిదరంగు ముద్ద కడుతుంది. తర్వాత గిన్నెల స్టాండులో నిలబెట్టి, ఫ్యాను కింద కాకుండా, అరగంట ఆరనివ్వండి. 78 రికార్డులకు మాత్రం ఈ ద్రవం తగలనీయకండి, లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది. వాటికి డిస్టిల్డ్ వాటర్, ఒక చుక్క సబ్బు చాలు, అదీ త్వరగా తుడిచి ఆరబెట్టాలి.

ఆరాక పాలిథిన్ లైనింగ్ ఉన్న కొత్త కవర్లలో పెట్టండి. మెత్తటి పీవీసీ బయటి కవర్లు కొనకండి. అందులో మెత్తదనానికి కలిపే రసాయనం (ప్లాస్టిసైజర్) రికార్డుకు అంటి, కడిగినా పోని పొగమంచు మచ్చ వస్తుంది.

ప్రశ్న: మొన్న ఎండకాలం ఒక ఎల్‌పీ అప్పడంలా వంగింది. సరిచేయొచ్చా?
— ఒక పాఠకుడు, రామగుండం

జవాబు: కొద్దిపాటి వంపైతే ప్రయత్నించవచ్చు. 6 మిల్లీమీటర్ల గాజు పలకలు రెండింటి మధ్య శుభ్రం చేసిన రికార్డు పెట్టి, పైన నాలుగైదు కిలోల బరువు సమంగా ఉంచి, నీడ గదిలో మూడు నాలుగు వారాలు వదిలేయండి. దుమ్ము రేణువు ఉంటే అదే గాడిలో అచ్చు పడుతుంది. ఎండలో పెట్టడం, ఓవెన్‌లో పెట్టడం వద్దు. వినైల్ 60 డిగ్రీల చుట్టుపక్కలే మెత్తబడడం మొదలవుతుంది, అప్పుడు వంపుతోపాటు గాడీ పోతుంది. మే నెలలో ఎండలో ఆపిన కారు లోపల ఆ వేడి సులువుగా దాటుతుంది. రేకుల గదిలో, పడమటి గోడకు ఆనించిన ఇనుప బీరువాలో రికార్డులు పెట్టకూడదనేది అందుకే. నిలువుగా, వాలకుండా, మరీ ఇరికించకుండా పెట్టాలి. వంద ఎల్‌పీలు అట్టలతో కలిపి పాతిక కిలోల పైమాటే, గోడకు కొట్టిన పలుచని ప్లైవుడ్ అర ఆగదు. అర లోపలి ఎత్తు, లోతు 33 సెంటీమీటర్లు ఉండాలి.

ప్రశ్న: హైదరాబాద్ పోయి పాత రికార్డులు కొనాలనుకుంటున్న. మోసపోకుండా ఏం చూడాలి?
— ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఎర్రగడ్డ ఆదివారం సంత, పాతబస్తీ జుమ్మెరాత్ బజార్ పాత సామాన్లకు పేరున్నవి. రికార్డులు ప్రతిసారీ ఉంటాయని మాత్రం అనుకోవద్దు. కాజీపేటలో పొద్దుటి బండి ఎక్కితే నయం, పది దాటితే మంచివి ఏరుకుపోతారు. ఒక టార్చి, మెత్తటి గుడ్డ వెంట ఉంచుకోండి. రికార్డును ఏటవాలుగా పట్టుకుని పక్క నుంచి వెలుతురు కొట్టించండి. నల్లగా నిగనిగలాడితే మంచిది. పాట గట్టిగా ఉన్న చోట్ల బూడిదరంగు తిరిగితే బరువైన సూది తినేసిందని అర్థం, దాన్ని ఏ కడుగుడూ బాగుచేయదు. గీతలను గోరుతో కాదు, వేలికొనతో తాకి చూడండి. కంటికి కనిపించి వేలికి తగలనిది సాధారణంగా చిటపటతో పోతుంది. వేలికి తగిలేది టక్ టక్‌మంటుంది, కొన్నిసార్లు సూదినే ఎగరేస్తుంది. లేబుల్ మధ్య రంధ్రం చుట్టూ సన్నని గీతలు ఎన్ని ఉంటే అన్నిసార్లు తడుముతూ పెట్టారని లెక్క. అట్ట లోపలిది ఆ రికార్డేనా చూడటం మరువకండి.

హెచ్‌ఎంవీ శాస్త్రీయ ఎల్‌పీల నెంబరు ‘ఈఏఎల్‌పీ’తో మొదలైతే మోనో, ‘ఈఏఎస్‌డీ’తో మొదలైతే స్టీరియో. పాత మోనో క్యాట్రిడ్జ్ మీద స్టీరియో రికార్డు వేయకండి. స్టీరియో గాడి పైకీ కిందికీ కూడా కదిలిస్తుంది, ఆ సూది అటు కదల్లేక గాడిని నలిపేస్తుంది. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి 1963 సుప్రభాతం ఎల్‌పీని అరుదైనదని చెప్పి ధర పెంచితే నవ్వి పక్కకు జరగండి. అది దశాబ్దాలపాటు మళ్లీ మళ్లీ అచ్చయింది.

ప్రశ్న: సినిమా పాటలు తప్ప ఏమీ వినలేదు. కొత్త సంగీతం ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక పాఠకురాలు, కాజీపేట

జవాబు: అట్ట వెనుక నుంచి. అక్కడ పక్కవాయిద్యాల వాళ్ల పేర్లు, గురువు పేరు ఉంటాయి. అదే మీ తర్వాతి రికార్డు. చిట్టిబాబు వీణ నచ్చితే ఆయన గురువు ఈమని శంకరశాస్త్రిని వెతకండి. ఒకే వాద్యం మీద రెండు చేతుల తేడా తెలుస్తుంది. రవిశంకర్ సితార్ నుంచి అలీ అక్బర్ ఖాన్ సరోద్‌కు, అక్కడి నుంచి నిఖిల్ బెనర్జీకి వెళ్లండి. ముగ్గురూ అల్లావుద్దీన్ ఖాన్ శిష్యులే, ముగ్గురి ఆలాపనా వేరు. అమెరికా జాజ్ వైపు పోవాలనుకుంటే ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 1959 బృందం చాలు. అందులో వాయించిన జాన్ కోల్ట్రేన్, బిల్ ఎవాన్స్, క్యానన్‌బాల్ ఆడర్లీ ముగ్గురికీ సొంత రికార్డులున్నాయి.

కొనేముందు ఫోన్‌లో ఒక వైపు మొత్తం, ఇరవై నిమిషాలు, మధ్యలో దాటించకుండా వినండి. వారం తర్వాత మళ్లీ వినాలనిపిస్తేనే కొనండి. ఒగ్గు కథ, మన ప్రాంతపు జానపదం కోసమైతే ఎల్‌పీల వెంట తిరగకండి. అవి ఎక్కువగా క్యాసెట్లలో, ఆకాశవాణి రికార్డింగుల్లో ఉన్నాయి. ఒక మంచి క్యాసెట్ డెక్ దొరికితే అదే కొనుక్కోండి.

ప్రశ్న: 180 గ్రాముల కొత్త రికార్డులు బాగా మోగుతాయా?
— ఒక పాఠకుడు, పెద్దపల్లి

జవాబు: బరువు వల్ల కాదు. గాడి లోతు 120 గ్రాముల రికార్డుకూ అంతే. శబ్దం మాస్టరింగ్‌ను (అచ్చుకు ముందు పాటను సరిదిద్దే పనిని), అచ్చు నాణ్యతను బట్టి ఉంటుంది. ఆ తేడా డబ్బుతో సూది మార్చి, చిన్న డిజిటల్ త్రాసు కొని, సూది రికార్డు మీద మోపే బరువు కంపెనీ చెప్పినంత ఉందో లేదో చూసుకోండి. ఆడియో టెక్నికా వీఎం95ఈ క్యాట్రిడ్జ్‌కు 2 గ్రాములు, ఆర్టోఫాన్ 2ఎం రెడ్‌కు 1.8 గ్రాములు. తక్కువైతే సూది గాడిలో ఎగురుతుంది, అలా ఎగిరినప్పుడే రికార్డుకు ఎక్కువ నష్టం.