సబ్‌వూఫర్: ముందు చోటు మార్చండి

ప్రశ్న: 10 అంగుళాల వూఫర్‌కు (బేస్ మోగించే స్పీకర్‌కు) ప్లైవుడ్ డబ్బా నేనే చేశాను. గది మూలలో నిలబడితే బేస్ దద్దరిల్లుతోంది, సోఫాలో కూర్చుంటే చప్పగా ఉంది. పెద్ద ఆంప్లిఫయర్ కొనాలా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: కొనకండి. మూలలో దద్దరిల్లుతోందంటే ఉన్నది బాగానే పనిచేస్తోంది. 40 హెర్ట్జ్ బేస్ ధ్వని తరంగం పొడవు దాదాపు 8.5 మీటర్లు. గోడకు కొట్టుకుని వెనక్కొచ్చినప్పుడు కొన్నిచోట్ల ఎదురొచ్చేదాన్ని మింగేస్తుంది. మీ సోఫా అలాంటి చోటే పడినట్టుంది. డబ్బాను సోఫాలో మీరు కూర్చునే చోట పెట్టి, బేస్ ఆగకుండా మోగే పాట వేసి, గోడల వెంబడి పాకుతూ వినండి. ఇంట్లోవాళ్లు నవ్వితే నవ్వనివ్వండి! నిండుగా వినబడిన చోటే డబ్బా పెట్టండి. తర్వాత ఆంప్లిఫయర్ ఆపి, వూఫర్ వైర్లు రెండూ తారుమారు చేసి చూడండి. సోఫాలో ఎలా గట్టిగా వినబడితే అలా ఉంచేయండి. అతుకుల్లోంచి గాలి బుస్సుమంటుంటే లోపలి నుంచి ఫెవికాల్ దట్టించండి.