గ్రాండ్ కేన్యన్‌లో నది దాకా దిగాలనుకునే తమ్ముడికి

తమ్ముడూ, నీ ప్రశ్న చదివాను. అరిజోనాలోని టెంపీకి చదువుకి వచ్చి నెల కూడా కాలేదు, సెప్టెంబర్ మొదట్లో వచ్చే లేబర్ డే సెలవుల్లో నలుగురు రూమ్మేట్లు కలిసి గ్రాండ్ కేన్యన్‌లో లోయ అడుగున పారే కొలరాడో నది దాకా దిగి అదే రోజు పైకి వచ్చేద్దాం అనుకుంటున్నారు. పైగా "మాది రెంటచింతల పక్కనే అక్కా, ఎండ మాకు కొత్తా" అన్నావు. మాదీ పల్నాడే. ఆ మాట నేనూ అన్నదాన్నే, అందుకే ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

నేను వచ్చిన కొత్తలో డాలరు 60 రూపాయల చిల్లర. ఏది చూసినా మనసులో గుణించుకోవడమే పని. వీపుకి తగిలించుకునే నీళ్ల బ్యాగు 70 డాలర్లంటే అమ్మో నాలుగు వేలా అని దుకాణంలోనే పెట్టేసి, చవకగా వచ్చే నీళ్ల సీసాల కేసు ఒకటి కొని తలా రెండు సీసాలు చేత్తో పట్టుకున్నాం. మోటెల్ ఖర్చు ఎందుకని రాత్రంతా కారు నడిపి, నిద్రలేని కళ్లతో, జూన్ నెలలో, పొద్దున ఎనిమిది దాటాక బ్రైట్ ఏంజెల్ ట్రైల్ అనే కాలిబాట దిగడం మొదలుపెట్టాం. పైన అంచు దాదాపు 7 వేల అడుగుల ఎత్తులో ఉంటుంది కదా, చల్లటి గాలి, ఒక్కరికీ చెమట లేదు, ఫొటోలే ఫొటోలు.

తిరుమల మెట్లయితే ముందు ఎక్కుతాం, ఓపిక అయిపోతే వెనక్కి దిగిపోవచ్చు. ఇక్కడ అంతా తలకిందులు. కాళ్లలో బలం ఉన్నప్పుడు దిగుతాం, అది అయిపోయాక, నడి ఎండలో, ఎక్కాలి. దిగేకొద్దీ వేడి పెరుగుతుంది కూడా, అడుగున పైకన్నా 20 డిగ్రీల ఫారెన్‌హీట్ పైగానే ఎక్కువ ఉంటుంది. మన పల్నాడు ఎండలో చొక్కా తడిసిపోతుంది కాబట్టి ఒంట్లోంచి నీళ్లు పోతున్నాయని తెలుస్తుంది. ఈ పొడిగాలిలో చెమట పట్టగానే ఆవిరైపోతుంది, చొక్కా మీద తెల్లటి ఉప్పు చారలు కనబడే దాకా ఏమీ తెలియదు.

నాలుగున్నర మైళ్లు, మూడు వేల అడుగులు దిగి హవసుపాయ్ గార్డెన్స్ చేరాం (అప్పట్లో ఇండియన్ గార్డెన్ అనేవాళ్లు, 2022లో పేరు మార్చారు). అక్కడ కుళాయి ఉంది. కడుపు నిండా నీళ్లు తాగి పదకొండింటికి ఎక్కడం మొదలుపెట్టాం. తిన్నది మాత్రం బిస్కెట్లు, అంతే. సగం దూరం రాకముందే మాలో ఒకమ్మాయికి తలనొప్పి, వాంతులు. వడదెబ్బేమో అనుకుని ఇంకా ఇంకా నీళ్లు పట్టించాం. అదృష్టం కొద్దీ అటు వస్తున్న రేంజర్ (పార్క్ ఉద్యోగి) ఆగి, ఏం తిన్నారని అడిగి, నీళ్లు ఆపించి, నీడలో కూర్చోబెట్టి ఉప్పు చిప్స్ తినిపించాడు, చొక్కా మీద నీళ్లు పోశాడు. చెమటలో ఉప్పు పోతుంటే ఉత్త నీళ్లే తాగితే రక్తంలో సోడియం పడిపోతుందట, అదీ ప్రాణాంతకమే. సాయం పిలిపించనా అని అతను అడిగితే, కళ్లు తేలేస్తూ కూడా ఆ పిల్ల అన్నది ఒకటే: "హెలికాప్టర్ వద్దు, బిల్లు వేస్తారు, నడుస్తాను." ఎండ తగ్గేదాకా కూర్చుని, చీకటి పడ్డాక పైకి చేరాం. ఆ రాత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లక తప్పలేదు. కొన్ని వారాల తర్వాత వచ్చిన బిల్లును సెమిస్టరంతా వాయిదాల్లో కట్టింది. బ్యాగు మీద, మోటెల్ మీద మేం మిగుల్చుకున్నదంతా కలిపినా అందులో మూలకు రాలేదు.

అందుకని డబ్బు సంగతి గట్టిగా చెప్తున్నా విను. పార్క్ సర్వీస్ వాళ్లు వెతికి కాపాడినందుకు మామూలుగా డబ్బు అడగరు. ఆంబులెన్స్, ఆస్పత్రి ఖర్చు మాత్రం నీదే. సాధారణ హెల్త్ ఇన్సూరెన్స్ ఉంటే, నెట్‌వర్క్‌లో లేని (అంటే నీ ఇన్సూరెన్స్ కంపెనీతో ఒప్పందం లేని) ఎయిర్ ఆంబులెన్స్ అయినా నీ వాటాకు మించి అడగకూడదని 2022 నుంచి చట్టం ఉంది. రోడ్డు మీద వచ్చే ఆంబులెన్స్‌కి అది వర్తించదు. నీ డిడక్టిబుల్, అంటే ఇన్సూరెన్స్ కట్టడం మొదలుపెట్టేలోపు నీ జేబులోంచి కట్టాల్సిన మొత్తం, ఎంతో ఇవాళే చూసుకో, మీ బ్యాచ్‌లో సగం మందికి ఆ అంకె తెలియదని నాకు తెలుసు. అలాగని బిల్లుకు భయపడి సాయం వద్దనకండి. అప్పు తీర్చుకోవచ్చు.

ఇక నీ ప్రశ్నకి జవాబు: నది దాకా వెళ్లి ఒక్కరోజులో రావద్దు. పార్క్ వాళ్లూ అదే చెప్తారు. సెప్టెంబర్ మొదట్లో అడుగున ఇంకా 100 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి అటూ ఇటూ ఉంటుంది. తెల్లవారుజామునే దిగి మైలున్నర దగ్గరున్న రెస్ట్‌హౌస్ చూసి పదింటికల్లా పైకి వచ్చేయండి. దిగడానికి పట్టిన దానికి రెట్టింపు టైమ్ ఎక్కడానికి ఉంచుకోండి. సౌత్ కైబాబ్ ట్రైల్‌లో చుక్క నీరు దొరకదు, కొత్తవాళ్లకి అటు వద్దు. బ్రైట్ ఏంజెల్ కుళాయిలు కూడా పైపు పగిలితే ఆగిపోతాయి, వెళ్లే ముందు పార్క్ వెబ్‌సైట్ చూసుకోండి, ఫీజులూ అక్కడే ఉంటాయి.

తిండికి చింతపండు పులిహోర కాస్త ఉప్పు ఎక్కువేసి కట్టుకోండి, చేగోడీలు కూడా. ఇండియా నుంచి తెచ్చుకున్న ఓఆర్‌ఎస్ పొట్లాలు ఉండే ఉంటాయి, మీ అమ్మ సూట్‌కేస్‌లో పెట్టకుండా పంపదుగా. తువ్వాలు తడిపి తలకు చుట్టుకోవడానికి సిగ్గుపడకండి. మోటెల్ నలుగురూ పంచుకుంటే పెద్ద ఖర్చు కాదు. నీళ్ల బ్యాగు సీనియర్ల దగ్గర అరువడిగినా ఇస్తారు.

లోయలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. ఇన్సూరెన్స్ కార్డు రెండువైపులా ఫొటో తీసి నలుగురి ఫోన్లలోనూ పెట్టుకోండి. కార్డు ఇంకా చేతికి రాకపోతే ముందు యూనివర్సిటీ హెల్త్ ఆఫీసుకి వెళ్లి ఆ పని చూసుకో, తర్వాతే కారు బుక్ చెయ్యి.